బెంజి చాచా, లేలాండ్ చాచా

మా నాయుడుపేటలో ఇద్దరు బుజుర్గులున్నారు. అసర్ నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద కూర్చుంటే మళ్ళీ మగ్రిబ్ అజాన్‌కే లేవడం. ఒకాయన బెంజి చాచా, ఇంకొకాయన లేలాండ్ చాచా. అసలు పేర్లు రేషన్ కార్డులోనూ నికాహ్‌నామాలోనూ ఉన్నాయి, మొహల్లాలో మాత్రం ఎవరూ వాడరు. మొదటాయన ముప్పై ఏళ్ళ పైన టాటా బండ్లు తోలాడు. రెండో ఆయన లేలాండ్ తప్ప వేరే స్టీరింగ్ ముట్టుకోవడమే బేఇజ్జతీ అనుకున్నాడు. ఇద్దరి మధ్యా యాభై ఏళ్ళుగా నడుస్తున్న ఝగడా ఒకటే: ఏది అసలైన బండి?

చాలాకాలం నాకిది తమాషాగానే ఉండేది. చాయ్ తాగుతూ వినేవాణ్ణి, నవ్వుకుని లేచిపోయేవాణ్ణి. వీళ్ళిద్దరికీ ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు, ఫర్గో నానా. ఆయన ఇంతికాల్ అయినప్పుడు జనాజాకి భుజమిచ్చి, ఖబరస్తాన్‌లో మూడు పిడికిళ్ళ మట్టి వేసి ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఆ మనిషి యుద్ధం నాటి లారీల మీద పని నేర్చుకున్నవాడు, ఆ సంగతులు ఒక్కటీ నేను అడిగి రాసుకోలేదు. తారీఖ్ అంటే మనకు నవాబులు, టిప్పు సుల్తాన్, నిజాం. మన అబ్బాలు, నానాలు స్టీరింగ్ తిప్పిన నలభై ఏళ్ళు తారీఖ్ కాదా? అందుకే ఈసారి నోట్‌బుక్ తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. "ఏంది బేటా, పోలీసు మాదిరి రాస్తుండావు" అన్నాడు లేలాండ్ చాచా. ఆయన జిందగీలో ఆయన ఎదురుగా కాగితం తీసి రాసినవాళ్ళు ఇద్దరే, పోలీసూ, చెక్‌పోస్టు గుమాస్తా.

తెలియనివాళ్ళ కోసం మా ఊరి సంగతి రెండు ముక్కలు. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే రోడ్డు మీద, మద్రాసుకి దాదాపు 110 కిలోమీటర్ల దూరం. పక్కన స్వర్ణముఖి. పడమటికి తిరిగితే శ్రీకాళహస్తి, తిరుపతి. ఉత్తరాన గూడూరు, దక్షిణాన సూళ్లూరుపేట, తడ, ఆపైన తమిళనాడు. 2022 నుంచి జిల్లా తిరుపతి అయింది, మా నోటికి మాత్రం ఇంకా నెల్లూరు జిల్లానే. కలకత్తా నుంచి మద్రాసు పోయే రోడ్డు ఇది. అప్పట్లో నేషనల్ హైవే 5, 2010లో నెంబర్లు మార్చాక 16 అయింది. చాచాలు ఇప్పటికీ "ఐదో నెంబరు రోడ్డు" అనే అంటారు.

లారీ రాకముందు ఈ తీరంలో బరువు సరుకు నీళ్ళ మీద పోయేది. బకింగ్‌హాం కాలువ పులికాట్ సరస్సు గుండా మద్రాసు దాకా ఉంది కదా, దాంట్లో పడవల్లో బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. ఫర్గో నానా వాళ్ళ అబ్బా అలా కట్టెల పడవ లాగిన మనిషి. కొడుకు లారీ ఎక్కాడని నెల రోజులు మాట్లాడలేదట. ఆయన గుస్సా తప్పు కాదని ఇప్పుడనిపిస్తుంది. 1960ల్లో, 70ల్లో వచ్చిన తుఫాన్లకి కాలువ దెబ్బతింది, పూడింది, మళ్ళీ పడవలు నడిచే స్థితికి రాలేదు. కానీ తుఫాను ఒక్కటే చంపలేదు దాన్ని. మద్రాసులో పొద్దున దిగాల్సిన బియ్యాన్ని రాత్రికి రాత్రే చేర్చే లారీ వచ్చాక, రోజుల తరబడి నడిచే పడవకి కిరాయి ఎవరిస్తారు? తండ్రి రిజ్క్‌ని కొడుకు బండి తినేసింది. ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నారు.

నానా పని మొదలుపెట్టింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. పెట్రోలుకు రేషన్. బస్సులకీ లారీలకీ వెనకాల పీపా లాంటి పొయ్యి బిగించి, కట్టెబొగ్గు కాల్చి ఆ గ్యాస్‌తో నడిపేవాళ్ళు. ఫజర్‌కి ముందే లేచి ఆ పొయ్యి రాజేయడం క్లీనర్ కుర్రాడి డ్యూటీ. నమాజ్‌కి వుజూ చేసుకుంటే మొహం మీది మసి కడిగినట్టే ఉండేది కాదని నానా చెప్పేవాడట. యుద్ధం ముగిశాక మిలిటరీ వదిలేసిన ఫోర్డులు, షెవర్లేలు, డాడ్జిలు వేలానికొచ్చాయి. వాటిని "డిస్పోజల్ బండ్లు" అనేవాళ్ళు. ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేయాలి. దానికొక ఖాయిదా ఉంది: బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచాలి. ఇంజను ఎదురు తన్నిందంటే బొటనవేలో మణికట్టో పోతుంది. బెంజి చాచా ఇప్పటికీ ఏ తలుపు గొళ్ళెం పట్టుకున్నా బొటనవేలు పక్కకే పెడతాడు. చెబితే గానీ నేను గమనించలేదు.

ఫర్గో ఆ తర్వాతది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ అమెరికా క్రైస్లర్ వాళ్ళ లైసెన్సుతో డాడ్జి, డిసోటో, ఫర్గో అని మూడు పేర్లతో లారీలు చేసేది. నానా మాటల్లో, ఒకే తల్లి బిడ్డలు, టోపీలు మాత్రం వేరు. మద్రాసు సింప్సన్ కంపెనీ చేసిన పెర్కిన్స్ పి-6 డీజిల్ ఇంజను వాటిలో పెట్టడం మామూలైంది. పెట్రోలు ఖర్చు నుంచి ఓనర్లకి నజాత్ దొరికింది, డ్రైవర్ల చెవులకి మాత్రం దొరకలేదు.

ఇక అసలు ఝగడాకి వస్తాను. అశోక్ మోటార్స్ 1948లో రఘునందన్ శరణ్ పెట్టిన కంపెనీ. మద్రాసు పక్కన ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించేది. ఇంగ్లండు లేలాండ్ వాళ్ళతో ఒప్పందం అయ్యాక 1955లో అశోక్ లేలాండ్ అయింది. వాళ్ళ కామెట్ లారీ మా రోడ్డుకి దొర. అవతల టాటా వాళ్ళు జంషెడ్‌పూర్‌లో జర్మనీ డైమ్లర్-బెంజితో కలిసి 1954 నుంచి లారీలు చేశారు. పేరు టాటా మెర్సిడెస్ బెంజి, ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, నక్షత్రం పోయి ఇంగ్లీషు టి అక్షరం వచ్చింది. మా వాళ్ళ నోట్లో మాత్రం బెంజి పోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత కొన్న టాటాని కూడా "బెంజి లారీ" అనే అన్నారు. కొత్త బండికి టి ఉంటే ఓనరు పాత నక్షత్రం సంపాదించి బిగించిన కేసులు కూడా తనకి తెలుసని బెంజి చాచా కసమ్ తిని చెబుతాడు. దుల్హన్ మారినా ముక్కుపుడక అదే ఉండాలన్నట్టు.

ఆ 1969లోనే లేలాండ్ కంపెనీ పవర్ స్టీరింగ్ తెచ్చింది. ఆ సంగతి నేను చెబితే లేలాండ్ చాచా పకపకా నవ్వాడు. "కంపెనీ తెచ్చిందేమో, మా ఓనరు తేలేదు." ఆయన చేతికి పవర్ స్టీరింగ్ వచ్చేసరికి గడ్డం సగం నెరిసింది. ఈ మాట తారీఖ్ రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. ఫలానా సంవత్సరం ఫలానాది వచ్చిందని కంపెనీ పుస్తకాల్లో ఉంటుంది. అది నాయుడుపేట దాకా, ఒక డ్రైవర్ భుజాల దాకా రావడానికి పట్టిన ఏళ్ళు ఏ పుస్తకంలోనూ ఉండవు.

ఎన్నూరు మా రోడ్డు మీదే ఉండడం వల్ల మావాళ్ళకి ఇంకో నజారా దక్కింది. కొత్త లేలాండ్ ఛాసిస్‌లు క్యాబిన్ లేకుండా, ఒట్టి ఇంజనూ చక్రాలతో, విజయవాడ వైపు వరుసగా పోయేవి. డ్రైవర్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, ఎండా వానా గాలి అన్నీ మొహం మీదే. లేలాండ్ చాచా కుర్రతనంలో అలా ఛాసిస్‌లు తోలాడు. ఆ బండ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకి చేరాక వడ్రంగులు కొయ్యతో క్యాబిన్, బాడీ కట్టేవాళ్ళు. లారీ అంటే అప్పుడు సగం కంపెనీది, సగం మన మిస్త్రీలది. మన ఖౌమ్‌లో ఎంతమంది టింకరింగు, పెయింటింగు, లేతు, కమాన్ కట్టల పని చేసుకుని బతికారో లెక్క తీసేవాళ్ళు లేరు. భూమి లేదు, చదువు అంతంతమాత్రం, సర్కారీ నౌకరీకి సిఫారసు లేదు. జట్కా తోలిన ఇళ్ళ నుంచి, లాడాలు కొట్టిన ఇళ్ళ నుంచి పిల్లలు మోటారులోకి పోయారు. 2006లో సచార్ కమిటీ మనవాళ్ళు నౌకరీల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ అని చెప్పింది. మా మొహల్లాలో ఏ ఇంటి గడప తొక్కినా ఆ మాట డీజిల్ వాసనతో తెలుస్తుంది.

కొయ్య క్యాబిన్ వానాకాలం ఉబ్బి తలుపు పడేది కాదు. ఎండాకాలం ఇంజను మూత పక్కనే కాలు, మోకాలి కింద బొబ్బలు. గేరు మార్చాలంటే డబుల్ క్లచ్: ఒకసారి తొక్కి న్యూట్రల్, వదిలి యాక్సిలరేటర్, మళ్ళీ తొక్కి గేరు. చెవితో వినాలి. ఇంజను పాడే సుర్ సరిపోయినప్పుడే రాడ్ పడుతుంది, లేకపోతే పళ్ళు కొరికినట్టు గరగరమంటుంది. నానా శాగిర్దుల తల మీద మొట్టేది ఆ గరగర వినపడినప్పుడే. రోడ్డు ఒక్క బండి పట్టేంత తారు, అటూ ఇటూ ఇసుక. ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు దిగాలి. ఎవరు దిగాలన్నది ఇజ్జత్ విషయం. లోడు బండి దిగకూడదు, ఖాళీ బండి దిగాలన్నది ధర్మం, అందరూ పాటించేవాళ్ళు కాదు. ముందు అద్దం మీద ఓనరు పెట్టిన వేంకటేశ్వర స్వామి పటం, దాని పక్కనే డ్రైవరు రాసుకున్న 786, రెండూ ఒకే దుమ్ము తినేవి.

లోడ్లు ఏంటి అని అడిగితే ఇద్దరూ పోటీ పడి చెప్పారు. నెల్లూరు బియ్యం, గూడూరు నిమ్మకాయలు, గూడూరు అభ్రకం, తీరం వెంబడి ఉప్పు, సరుగుడు, చిల్లకూరు వైపు తెల్ల సిలికా ఇసుక. నిమ్మకాయల లోడు రాత్రే కదలాలి, పొద్దెక్కితే సరుకు వాడిపోతుంది. ఉప్పు లోడు వేస్తే ఛాసిస్ తుప్పు పడుతుందని కొత్త బండికి ఏ ఓనరూ వేయించడు. ఈ ఉప్పు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

సఫర్‌లో నమాజ్ గురించి నానా పెట్టిన లెక్క మావాళ్ళందరికీ నోటికొచ్చు. హనఫీ మస్లక్ ప్రకారం నలభై ఎనిమిది మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటే నియ్యత్‌తో ఊరు విడిస్తేనే ముసాఫిర్. అప్పుడు నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. నెల్లూరు డెబ్బై లోపే. అందుకని నెల్లూరు లోడంటే పూర్తి నమాజ్, మద్రాసు లోడంటే కస్ర్. రోజాల విషయం ఇంత తేలిక కాదు. ముసాఫిర్‌కి రోజా వదిలే ఇజాజత్ ఉంది, తర్వాత ఖజా తీర్చాలి. ఏడాది పొడుగునా సఫర్‌లో ఉండేవాడు ఎప్పుడు తీర్చాలి? బెంజి చాచా లోడు మీదే రోజా ఉండేవాడు. సూళ్లూరుపేట దగ్గర ఒక హోటల్ అయ్య ఇఫ్తార్ వేళకి ఈయన బండి కనపడితే అడక్కుండానే అరటిపళ్ళు, మంచినీళ్ళు క్యాబిన్‌కి పంపేవాడట. "సాయిబూ, ముందు నోరు తెరువు, లెక్క తర్వాత" అనేవాడట. లేలాండ్ చాచా మాత్రం సాఫ్‌గా ఒప్పుకున్నాడు, తన ఖజా రోజాలు రిటైరయ్యాక ఒక్కొక్కటే తీరుస్తున్నానని, ఇంకా మిగిలే ఉన్నాయని. ఆ మాట అన్నప్పుడు నేను రాయడం ఆపేశాను.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. చాచానే రాయమన్నాడు, ఏ చాచా అన్నది రాయొద్దన్నాడు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ నాలుగూ కలిపి ఒకే బియ్యపు జోన్. మన బియ్యం హాయిగా మద్రాసు పోయేది. ఆ జోన్ తీసేశాక రాష్ట్రం దాటాలంటే పర్మిట్. ఇక్కడి ధరకీ అక్కడి ధరకీ తేడా ఉన్నప్పుడు దొంగ బియ్యం నడవక తప్పదు. తడ దగ్గర చెక్‌పోస్టు, దాన్ని తప్పించే ఇసుక దారులు, లైట్లు ఆర్పి వెన్నెల్లో నడిపే రాత్రులు. చాచా ఒక వేసవంతా ఆ పని చేశాడు. బత్తా రెండింతలు. ఒక రాత్రి పట్టుబడ్డాడు. ఓనరు బండిని విడిపించుకుపోయాడు, డ్రైవరు లోపలే ఉండిపోయాడు. బయటికొచ్చాక ఉస్తాద్ దగ్గరికి పోయి, ఆ డబ్బు హలాలా హరామా అని అడిగాడు. నానా ఫత్వా ఏమీ ఇవ్వలేదు. "నీ పిల్లలు తిన్నారా?" అన్నాడు. తిన్నారు. "ఓనరు నిన్ను చూడ్డానికొచ్చాడా?" రాలేదు. "అయితే ఆ బండి ఎక్కకు" అన్నాడు. మసలా తేలలేదని చాచా ఇప్పటికీ అంటాడు.

ఒకరోజు లోపల గోషా వెనక నుంచి బెంజి చాచీ గొంతు వినిపించింది. "మీ లారీల పేర్లు రాసుకుంటుండావు, మేం మేలుకున్న రాత్రులు రాసుకోవా?" నిజమే. ఫోన్లు లేవు. లోడుకు పోయిన మనిషి నాలుగు రోజుల్లో వస్తానంటే ఎనిమిదో రోజుకి వచ్చేవాడు. కబురంటే ఎదురు బండి డ్రైవరు మా వీధి చివర ఆపి క్లీనర్‌ని పంపడమే. అందుకే వీధిలో తెలియని క్లీనర్ కుర్రాడు కనపడితే ఆడవాళ్ళ గుండె ఆగేది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానప్పుడు చాచా మద్రాసు వైపున్నాడు. రోడ్డు మీద చెట్లు, నీళ్ళు, కరెంటు స్తంభాలు. చాచీ పిల్లల్ని పట్టుకుని తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. మూడో రోజు ఆయన కాలినడకన వచ్చాడు, లుంగీ మోకాళ్ళ దాకా బురద. వచ్చీ రాగానే అన్న మొదటి మాట "బండి బాగానే ఉంది". చాచీ ఆ మాట ఇంకా మాఫ్ చేయలేదు.

వీళ్ళకి పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. చట్టం లేకనా? 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యాక్ట్ వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, వారానికో రోజు సెలవు. కానీ అది ఐదుగురు అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే వర్తించేది. ఒక లారీ ఉన్న ఓనరుకి ఒక డ్రైవరు, ఒక క్లీనరు. రెండు లారీలున్నా నలుగురే. మా దగ్గర ఓనర్లు చాలామంది ఇంతే. అంటే చట్టం పుట్టిన రోజే మా మొహల్లా దాని గీత బయట ఉండిపోయింది. ఈ సంగతి నేను లెక్క వేసి చూపిస్తే లేలాండ్ చాచా చాలాసేపు ఏమీ అనలేదు. ఎనిమిది గంటలు అన్న మాట దగ్గర మాత్రం వేలు పెట్టి, "ఇది నిజంగా రాసుందా?" అని అడిగాడు.

బండికి కూడా వయసు గీత ఉంది. దేశమంతా తిరిగే నేషనల్ పర్మిట్ 1975లో మొదలైంది. రూల్స్ ప్రకారం మామూలు లారీకి పన్నెండేళ్ళు దాటితే ఆ పర్మిట్ ఇవ్వరు, ఎక్కువ ఇరుసుల బండికి పదిహేను. అప్పుడు కలకత్తా చూసిన బండి రాష్ట్రంలోకి, ఆ తర్వాత జిల్లాలోకి, చివరికి ఇటుకలకీ ఇసుకకీ ఉప్పుకీ దిగుతుంది. మా నాయుడుపేట చుట్టుపక్కల పాత 1210లు అంతకాలం కనపడింది అందుకే. పన్నెండు టన్నుల బండి, వంద పైచిలుకు గుర్రాల ఇంజను, అదీ ఆ నెంబరు అర్థం. 1613 అంటే పదహారు టన్నులు, నూట ముప్పై గుర్రాలు. బెంజి చాచా కూడా అదే దారిలో దిగాడు. కలకత్తా, నాగపూరు, తర్వాత మద్రాసు, తర్వాత చూపు మందగించి ఊళ్ళోనే ఉప్పు లోడు. ఆఖరి బండి ఛాసిస్‌కి పట్టిన తుప్పు గోరుతో గీకితే రాలేదట. దాన్ని స్క్రాప్‌కి తోలుకుపోయింది ఆయనే. కాటా మీద తూకం వేస్తుంటే పక్కకి తిరిగి నిలబడ్డాడట.

ఇప్పుడు రోడ్డు నాలుగు వరుసలు. 2017లో జీఎస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు పోయాయి, తడ దగ్గర రాత్రంతా వరుసలో నిలబడే అవసరం తగ్గింది. టోల్ గేటులో ఫాస్టాగ్. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ ఉండి తీరాలని సర్కారు హుకుం. ఈ కబురు చదివి వినిపిస్తే ఇద్దరూ మొదటిసారి ఒకే మాట మీదికొచ్చారు, మంచి పని అని. లేలాండ్ చాచా పైజామా పైకి లాగి మోకాలి కింద నల్లటి మచ్చ చూపించాడు. ఇంజను మూత పక్కన కాలు పెట్టే చోటు అది. బెంజి చాచా కూడా తన కాలు చూపించాడు. ఆయన మచ్చ ఇంకా పెద్దది. వెంటనే మళ్ళీ ఝగడా, ఏ ఇంజను ఎక్కువ వేడని.

అప్పుడే వీధి చివర పాత రోడ్డు మీద ఒక లారీ మలుపు తిరుగుతూ మూలిగింది. మెట్ల మీద నుంచి రోడ్డు కనపడదు. బెంజి చాచా చెయ్యెత్తి మమ్మల్ని ఆగమన్నాడు, తల ఒక పక్కకి వంచాడు.

"1613. రెండో గేరు. లోడు ఎక్కువేసినారు."

"లేలాండ్" అన్నాడు రెండో ఆయన, తల కూడా తిప్పకుండా.

నేను లేచి చూడ్డానికి పోయేలోపు బండి దాటిపోయింది. మగ్రిబ్ అజాన్ మొదలైంది.